అట్టతో రైల్వే స్టేషన్ కట్టడానికి ఏ ప్రింటర్ కొనాలి?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు నాకు అర్థమైంది చెప్తాను. మీది మహబూబ్‌నగర్. మీ నాన్నగారు మీటర్ గేజ్ (పట్టాల మధ్య ఒక మీటరు వెడల్పు) రోజుల్లో, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేశారు. ఆ కాలపు చిన్న స్టేషన్ ఒకటి, పక్కన గూడ్స్ షెడ్డు, రెండు క్వార్టర్లు, ఒక గేటు గుమ్టీ, ఇవన్నీ అట్టతో 1:87 కొలతలో, అంటే అసలు దానిలో ఎనభై ఏడో వంతు సైజులో, చేయాలని మీ కోరిక. '300 జీఎస్‌ఎం కార్డు మీద నేరుగా ప్రింటు తీసే ప్రింటర్ చెప్పండి. లేజరా, ఇంక్‌జెట్టా? బడ్జెట్ పదిహేను వేలు. పిల్లల స్కూలు ప్రింట్లు కూడా అందులోనే రావాలి' అని అడిగారు.

ఆ 300 జీఎస్‌ఎం మాట (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుందో చెప్పే అంకె, ఎక్కువైతే మందం) ముందు పక్కన పెట్టండి. అట్టను ప్రింటర్‌లోకి పంపొద్దు. మామూలు కాగితం కంటే కాస్త మందంగా ఉన్నదాని మీద ప్రింటు తీసి, దాన్ని అట్టకు అంటించండి. ఇది ఒప్పుకుంటే మీ ప్రింటర్ సమస్య సగం తీరినట్టే, ఎందుకంటే మందపాటి కార్డు తీసుకునే మిషన్ కోసం ఎక్కువ డబ్బు పెట్టే పని ఉండదు.

నేను నల్గొండలో క్లాక్ టవర్ దగ్గర ఇరవై ఏళ్లకు పైగా జిరాక్స్, డీటీపీ షాపు నడిపాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు, సర్పంచి ఎన్నికలొస్తే గుర్తుల స్టిక్కర్లు. కార్డు ప్రింటర్‌లో ఇరుక్కుంటే దాన్ని ముక్కలు కాకుండా బయటికి లాగడం ఎంత యాతనో ఆ షాపులోనే నేర్చుకున్నాను. అట్ట బిల్డింగుల పిచ్చి పట్టి పదేళ్లయింది. ఇప్పుడు షాపు మా అబ్బాయి చూసుకుంటున్నాడు, నేను వెనక గదిలో అట్టలు కోసుకుంటూ కూర్చుంటాను.

కార్డు మీద నేరుగా ఎందుకు వద్దంటున్నానో లెక్క చెప్తాను. 300 జీఎస్‌ఎం కార్డు మందం సుమారు 0.4 మిల్లీమీటర్లు. 1:87లో దాన్ని గోడ అనుకుంటే అసలు గోడ మూడున్నర సెంటీమీటర్లు అవుతుంది. తొమ్మిది అంగుళాల గోడకు 1:87లో 2.6 మిల్లీమీటర్లు కావాలి. పాత స్టేషన్లలో పద్దెనిమిది అంగుళాల గోడలు కూడా ఉంటాయి, అవైతే ఐదు మిల్లీమీటర్లు దాటతాయి. కిటికీ గోడలోకి ఎంత లోతుగా ఉందన్నదే పాత బిల్డింగుకు అందం. నీడ అక్కడే పడుతుంది. ఒట్టి కార్డుతో కడితే ఎంత మంచి ప్రింటయినా స్వీట్ బాక్సులాగే కనిపిస్తుంది. ఎలాగూ లోపల బైండింగ్ అట్ట పెట్టాల్సిందే అయినప్పుడు పైపొర మందంగా ఉండి ఏం లాభం? పైగా మందపాటి కార్డు మడిచినచోట తెల్లగా పగులుతుంది. 90 నుంచి 130 జీఎస్‌ఎం మధ్య కాగితమైతే మూల దగ్గర చక్కగా మడత పడుతుంది, కిటికీ అంచుల్లోకి కూడా తిప్పి అంటించొచ్చు.

ఇక లేజరా, ఇంక్‌జెట్టా అనే సంగతి. లేజర్‌లో రంగు పొడిని వేడి రోలరు కాగితం మీద కరిగించి అతికిస్తుంది. అంటే కాగితంలోకి ఇంకదు, పైన సన్నటి ప్లాస్టిక్ పొరలా కూర్చుంటుంది. నీళ్లకు కరగదు, ఎండకు త్వరగా వెలవదు. ఇవి రెండూ గొప్ప గుణాలే. కానీ మడిస్తే ఆ పొర పగిలి మూలంతా తెల్ల గీత పడుతుంది. ఇంకోటి, ముదురు రంగు వేసినచోట మెరుస్తుంది. సున్నం కొట్టిన గోడ, రాతి గోడ, మసి పట్టిన షెడ్డు, వీటిలో ఏదీ మెరవదు కదా. మెరుపు తగ్గించడానికి మ్యాట్ స్ప్రే కొట్టొచ్చు గానీ మడత పగుళ్లకు మందు లేదు. ప్రతి మూలకూ రంగు పెన్సిల్ పట్టుకుని కూర్చోవాలి. దీనికి తోడు మీ బడ్జెట్లో మంచి కలర్ లేజర్ దొరకదు. దొరికినా నాలుగు టోనర్లూ (రంగు పొడి డబ్బాలు) మార్చాల్సిన రోజు ఆ బిల్లు చూస్తే గుండె జారుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఇంకో ఇబ్బంది ఉంది. లేజర్ వేడెక్కే క్షణంలో వందల వాట్లు ఒక్కసారిగా లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. ట్యాంక్ ఇంక్‌జెట్ ప్రింటు తీసేటప్పుడు కూడా ఇరవై వాట్ల లోపే తింటుంది.

కాబట్టి ఇంటికి ఇంక్‌జెట్ ట్యాంక్ ప్రింటరే, అంటే బాటిల్‌తో ఇంకు పోసుకునేదే కొనండి. అయితే డబ్బా మీద కంపెనీ పేరు చూసే ముందు లోపల పోసే ఇంకు ఏ రకమో అడగండి. షాపుల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగరు, అమ్మేవాడికీ చాలాసార్లు తెలియదు. ఇంకు బాటిల్ పేరు చెప్పమని అడిగి, దాని వివరాలు ఫోన్లో చూసుకోండి.

ఇంకుల్లో డై, పిగ్మెంట్ అని రెండు రకాలు. డై అంటే రంగు నీళ్లలో పూర్తిగా కరిగిపోయి ఉంటుంది, చీరలకు వేసే అద్దకం రంగులాగా. కాగితం పీచులోకి దిగిపోతుంది. రంగు నిండుగా, కాంతిగా వస్తుంది, కానీ తడి తగిలితే పాకుతుంది, ఎండకు వెలుస్తుంది. పిగ్మెంట్ అంటే కరగని సన్నటి రంగు రేణువులు నీళ్లలో తేలుతుంటాయి, గోడకు వేసే పెయింటులాగా. నీళ్లు ఆవిరైపోయాక రేణువులు కాగితాన్ని పట్టుకుని ఉండిపోతాయి. తడికి, ఎండకు ఇదే తట్టుకుంటుంది. మామూలు కాగితం మీద కూడా గీత పాకకుండా నిలుస్తుంది. మన పనికి పిగ్మెంట్ మేలు.

మార్కెట్లో ఉన్నవాటిలో ఎప్సన్ 003 ఇంకుతో నడిచే ఎల్ సిరీస్ చిన్న ప్రింటర్లలో నాలుగు రంగులూ డై. కేనన్ జీ సిరీస్‌లో చాలావాటికి నల్ల ఇంకు పిగ్మెంట్, మిగతా మూడూ డై. హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్ పద్ధతి కూడా అదే. నాలుగూ పిగ్మెంట్ కావాలంటే ఎప్సన్‌లో డ్యూరాబ్రైట్ ఇంకు వాడే ఆఫీసు మోడళ్లు ఉన్నాయి, కానీ అవి మీ పదిహేను వేలు దాటిపోతాయి. పిల్లల పనికి వాడుకుంటూ, ముందు ముందు ఈ పని పెద్దగా చేయాలనుకుంటే ఆ తేడా డబ్బు పెట్టడం దండగ కాదని నా అభిప్రాయం. లేదంటే డై ప్రింటరే కొని, తడి తగలకుండా పనిచేసే పద్ధతి నేర్చుకోండి. నేనిప్పటికీ డై ప్రింటర్‌తోనే లాగిస్తున్నాను.

ఒక హెచ్చరిక. డై ట్యాంకులో పిగ్మెంట్ ఇంకు పోస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అలా ఒకదాంట్లో ఒకటి కలిపితే ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలు, అంటే నాజిళ్లు, మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఇంకు చౌకే, ఆ నాజిళ్లుండే హెడ్డు మాత్రం చౌక కాదు.

ఇంకు తర్వాత చూడాల్సింది కాగితం దారి. కొన్ని ప్రింటర్లకు కాగితం ముందు అడుగున ఉన్న ట్రేలో పెడతాం, అది లోపల యూ టర్న్ తిరిగి మళ్లీ ముందుకే వస్తుంది. మామూలు ఏ4 అయితే హాయిగా తిరుగుతుంది. కాస్త మందపాటి మ్యాట్ పేపర్ అయితే వంకర తిరగనని మొండికేస్తుంది. రోలరు జారితే ఇటుక వరుసలు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా పడతాయి. ఆ తప్పు ప్రింటు తీసినప్పుడు కనిపించదు, రెండు గోడలు మూల దగ్గర కలిపినప్పుడు బయటపడుతుంది. వెనకనుంచి కాగితం పెట్టే ప్రింటర్‌లో దారి ఏటవాలుగా దిగుతుంది, పెద్ద మలుపు ఉండదు. అందుకే వెనక ఫీడు ఉన్నదే తీసుకోండి.

ఏ3 (ఏ4కు రెట్టింపు కాగితం) కావాలా అని కూడా అడగబోతారు, ముందే చెప్తున్నాను. వంద అడుగుల స్టేషన్ బిల్డింగు 1:87లో 35 సెంటీమీటర్లు వస్తుంది. ఏ4 పొడవు 29.7 మాత్రమే. ఒక్క ముక్కలో పట్టదు. కానీ అంత పొడుగు గోడను ఒక్క ముక్కగా ప్రింటు తీయాల్సిన అవసరమే లేదు. అసలు బిల్డింగులోనే స్తంభం, నీళ్ల గొట్టం, గోడ ముందుకు పొడుచుకొచ్చిన చోటు ఇలా ఏదో ఒకటి ఉంటుంది. అతుకు అక్కడ పెడితే ఎవరికీ కనిపించదు. గొట్టం లేకపోతే మీరే ఒకటి పెట్టండి, వానాకాలంలో ఏ స్టేషన్ మాస్టరయినా సంతోషిస్తాడు. పెద్ద షీటు నిజంగా అవసరమైన రోజు ఏం చేయాలో కింద చెప్తాను.

రిజల్యూషన్ గురించి డబ్బా మీద 4800, 5760 అని పెద్ద పెద్ద అంకెలు ఉంటాయి. వాటిని చూసి డబ్బులు పెట్టొద్దు, అవి ఇంకు చుక్కల లెక్క. మీరు గీసే ఫైలు ఎన్ని డీపీఐలో (అంగుళానికి ఎన్ని చుక్కలు) ఉందో అది ముఖ్యం. మన తొమ్మిది అంగుళాల ఇటుక 1:87లో పొడవు 2.6 మిల్లీమీటర్లు, మూడంగుళాల ఎత్తు 0.9 మిల్లీమీటర్లు. మధ్యలో సిమెంటు గీత ఒక సెంటీమీటరు అనుకుంటే 0.115 మిల్లీమీటర్లు. 300 డీపీఐలో ఒక్కో చుక్క 0.085 మిల్లీమీటర్లు. అంటే సిమెంటు గీత ఒక చుక్కకు ఎక్కువ, రెండు చుక్కలకు తక్కువ. ఒక వరుసలో సన్నంగా, ఒక వరుసలో లావుగా పడి గోడంతా చారలుగా కనిపిస్తుంది. 600 డీపీఐలో గీస్తే ఆ బాధ చాలా తగ్గుతుంది. గీతలన్నీ ఇంక్‌స్కేప్‌లో వెక్టర్‌గా గీసుకుంటే ఇంకా మంచిది (వెక్టర్ అంటే చుక్కలుగా కాకుండా గీతలుగా దాచే బొమ్మ). ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

స్టేషన్ పేరు బోర్డు విషయంలో మన భాషకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ముప్పై సెంటీమీటర్ల అక్షరం 1:87లో 3.4 మిల్లీమీటర్లు అవుతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలకు ఆ ఎత్తు చాలు. తెలుగులో తలకట్టు, గుడి, కింద వత్తు అన్నీ ఆ 3.4 లోనే ఇరుక్కోవాలి. మామూలు కాగితం మీద డై ఇంకుతో తీస్తే 'ర్చ' లో వత్తు నల్ల చుక్కయి కూర్చుంటుంది. బోర్డులు మాత్రం మ్యాట్ కోటింగ్ ఉన్న కాగితం మీద, ప్రింటర్‌లో క్వాలిటీ 'హై' పెట్టి తీయండి. నల్ల ఇంకు పిగ్మెంట్ అయిన ప్రింటర్ ఉంటే, కాగితం రకం 'ప్లెయిన్' అని పెట్టి కూడా ఒకసారి తీసి చూడండి. చాలా ప్రింటర్లు ఆ పిగ్మెంట్ నలుపును ప్లెయిన్ సెట్టింగులోనే వాడతాయి, ఫొటో పేపర్ అని చెప్తే మూడు రంగులు కలిపి నలుపు చేస్తాయి. ఫాంటు రామభద్ర లాంటి లావుదైతే పెయింటరు రాసిన అక్షరానికి దగ్గరగా ఉంటుంది, కానీ లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. నేను మల్లన్న తీసుకుని కొంచెం లావు చేసుకుంటాను.

రంగుల్లో అన్నిటికంటే కష్టమైనది ఏదంటే ఎరుపు, పసుపు అంటారు. కాదు, బూడిద. మన స్టేషన్లలో ఎటు చూసినా బూడిదే: సిమెంటు రేకులు, ప్లాట్‌ఫామ్ మీద షాబాదు బండలు, రాతి గోడ, కంకర. ప్రింటర్ ఈ బూడిదను నీలం, గులాబీ, పసుపు కలిపి చేస్తుంది. మూడింట్లో ఒకటి కాస్త ఎక్కువైనా బూడిద పచ్చగా తిరుగుతుంది, లేదా గులాబీ రంగు దేలుతుంది. బయటి కంపెనీ చౌక ఇంకు పోస్తే ఈ తేడా ఇంకా ఎక్కువ. పిల్లల ప్రాజెక్టులకు ఏదైనా పోయండి గానీ, ఒక బిల్డింగు మొదలుపెట్టాక పూర్తయ్యేదాకా ఇంకు బ్రాండు మార్చొద్దు. నేను ఒక గూడ్స్ షెడ్డుకు మూడు గోడలు తీశాక ఇంకు మార్చి నాలుగో గోడ తీశాను. షెడ్డుకు ఒకవైపు నుంచి వేరే ఊరి షెడ్డు అతికించినట్టు వచ్చింది. ఆ గోడను ఇప్పటికీ అల్మారా వైపు తిప్పి పెట్టాను.

ఆరు రంగుల ఫొటో ప్రింటర్లలో లేత నీలం, లేత గులాబీ విడిగా ఉంటాయి కాబట్టి లేత రంగుల్లో చుక్కలు కనిపించవు. సున్నం గోడ మీద పడే మసక నీడలు వాటిలో బాగా వస్తాయి. ఫొటో స్టూడియో వాళ్ల దగ్గర ఇవి ఉంటాయి. మీ బడ్జెట్‌కు అందవు, అందకపోయినా నష్టం లేదు. ఒక్క మాట: ప్రింటర్లలో తెల్ల రంగు ఉండదు, కాగితం తెలుపే తెలుపు. సున్నం గోడను ఖాళీ కాగితంగా వదిలేస్తే ఆ తెలుపు కళ్లలో పొడుస్తుంది. చాలా లేత గోధుమ రంగు, కింద ఒక అడుగు మేర ఎర్రమట్టి చింది పడ్డట్టు మరక వేయండి. వానకు నేలమీది మట్టి గోడకు చిందడం మీ పాలమూరులో చూడని గోడ ఉందా?

కాగితాలు ఎక్కడివంటే, 100 జీఎస్‌ఎం బాండ్ పేపర్ ఏ స్టేషనరీ షాపులోనైనా దొరుకుతుంది, రాతి గోడలకు బాగుంటుంది. 108, 128 జీఎస్‌ఎం మ్యాట్ ఇంక్‌జెట్ పేపర్ కంప్యూటర్ సామాన్ల షాపుల్లో ప్యాకెట్లుగా అమ్ముతారు. ఇటుక, బోర్డులు, తలుపులు దీని మీద తీయండి. మెరిసే ఫొటో పేపర్ మాత్రం తీసుకోకండి. వాటిలో చాలావాటికి వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది, ఫెవికాల్ పట్టదు. తీసిన ప్రింటు ఒక రాత్రి ఆరనివ్వండి. పొద్దున చూస్తే రంగు కూడా కాస్త మారి ఉంటుంది, అసలు రంగు అదే.

అంటించడం దగ్గరే ఇంక్‌జెట్ వాళ్లకు టెన్షన్. నా మొదటి ఇటుక గోడ కథ చెప్తాను. డై ఇంకు, బాండ్ పేపర్, వెనకంతా బ్రష్షుతో ఫెవికాల్ పట్టించి అట్టకు అతికించి, పైనుంచి తడిగుడ్డతో రుద్దాను, బుడగలు పోవాలని. పెళ్లి కార్డుల మీద గమ్ము రుద్దిన చెయ్యి కదా. ఐదు నిమిషాల్లో ఇటుకలన్నీ కారి, గోడ హోలీ ఆడొచ్చినట్టయింది. మర్నాడు చూస్తే అట్ట కూడా చేటలా వంగింది. ఒకవైపే తడి తగిలితే అట్ట వంగుతుందని బైండింగ్ చేసే ప్రతి ముసలాయనకూ తెలుసు, అందుకే వాళ్లు లోపలివైపు కూడా ఒక కాగితం అంటిస్తారు. నా షాపు పక్కనే అలాంటాయన ఒకరు కూర్చునేవారు. నేను అడగలేదు.

ఇప్పుడు చేసే పద్ధతి ఇది. పెద్ద గోడలకు ఏ4 సైజు మ్యాట్ స్టిక్కర్ షీటు మీద ప్రింటు తీస్తాను. వెనక గమ్ము ఉంటుంది, నీటి చుక్క అవసరం లేదు. ఒక అంచు ఆనించి, పాత బ్యాంకు కార్డుతో నెమ్మదిగా ఒత్తుకుంటూ పోతే బుడగలు రావు. లోపం ఏమిటంటే ఒకసారి అతికితే జరపలేం, కొన్నేళ్లకు అంచులు లేస్తాయి. అందుకే అంచుల లోపల మాత్రం సన్నగా ఫెవికాల్ గీత పెడతాను. స్టిక్కర్ వద్దనుకుంటే గ్లూ స్టిక్, లేదా చెప్పులకు వాడే రకం రబ్బరు గమ్ము. ఆ రబ్బరు గమ్ములో నీళ్లుండవు. వాసన వస్తుంది, కిటికీ తీసిపెట్టుకోండి. డై ప్రింటు అయితే కోయక ముందే పైన పారదర్శక మ్యాట్ స్ప్రే రెండు పల్చటి పూతలు కొట్టండి. ఒక్కసారే దట్టంగా కొడితే రంగు పాకుతుంది. మొదటి పూత మంచు పట్టినట్టు ఉంటే చాలు. ముందు ఒక పనికిరాని ముక్క మీద కొట్టి, ఆరాక తడివేలితో రుద్ది చూసుకోండి.

అట్ట కోసం డబ్బు ఖర్చు పెట్టొద్దు. బైండింగ్ షాపుల్లో బూడిద అట్ట మిల్లీమీటరు, ఒకటిన్నర, రెండు మందాల్లో దొరుకుతుంది. ఒకటి, ఒకటిన్నర కలిపి అంటిస్తే మీ తొమ్మిది అంగుళాల గోడ దాదాపు సరిపోతుంది. పెళ్లి కార్డుల డబ్బాలు కూడా గట్టివే, నేను క్వార్టర్ల లోపలి గోడలన్నీ వాటితోనే కట్టాను.

కొలత తప్పే చోటు ఇంకొకటుంది, ఇది ప్రింటర్ తప్పు కాదు. ప్రింటు బటన్ నొక్కే ముందు కనిపించే పెట్టెలో 'ఫిట్ టు పేజ్' అని ఉంటుంది, చాలా ఫోన్లలో, కంప్యూటర్లలో అదే ముందుగా టిక్కయి ఉంటుంది. అది మీ బొమ్మను మార్జిన్లలో పట్టేలా మూడు నాలుగు శాతం కుదించేస్తుంది. 35 సెంటీమీటర్ల స్టేషన్ మీద మూడు శాతం అంటే ఒక సెంటీమీటరు పైనే. 'యాక్చువల్ సైజ్' లేదా 100 శాతం ఎంచుకోండి. బోర్డర్‌లెస్ కూడా ఆపేయండి, అది కాగితం నిండాలని బొమ్మను కొంచెం పెంచుతుంది. నేను ప్రతి షీటు మూలలోనూ సరిగ్గా పది సెంటీమీటర్ల గీత ఒకటి పెడతాను. ప్రింటు రాగానే స్టీలు స్కేలు పెట్టి కొలుస్తాను. సరిపోకపోతే అక్కడే ఆపేస్తాను.

బయటినుంచి డౌన్‌లోడ్ చేసే కిట్లు చాలావరకు బ్రిటన్ వాళ్లవి, వాళ్ల మోడల్ రైళ్లకు వాడే ఓఓ కొలత 1:76.2. దాన్ని 1:87 చేయాలంటే 87.5 శాతానికి తగ్గించి తీయాలి. అమెరికా వాళ్ల ఫైళ్లు లెటర్ సైజులో ఉంటాయి, మన ఏ4 కంటే ఆరు మిల్లీమీటర్లు వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ. పక్క అంచులు తెగుతాయి, చూసుకోండి. చేయి తిరగడానికి ఒక కిట్ చేయండి, తప్పులేదు. కానీ ఆ పలక రాతి కప్పులు, పొగ గొట్టాలు మన దగ్గర ఎక్కడున్నాయి? మనకు గూన పెంకులు, బెంగళూరు పెంకులు, రేకులు కావాలి. అవి మనమే గీసుకోవాలి.

నల్గొండ లైను ఎనభైల్లో పడింది. మావైపు స్టేషన్లలో సిమెంటు గోడ, పెయింటు ఎక్కువ, గీయడం తేలిక. మీ లైను నిజాం కాలపు మీటర్ గేజ్. పాత కట్టడం కావాలంటే రాయిని ఫొటో తీసుకోక తప్పదు. మీరు కొనే ప్రింటర్‌కు స్కానర్ ఉంటే బండలను దాని మీద పెట్టి స్కాన్ చేద్దామనిపిస్తుంది. చౌక ఆల్ ఇన్ వన్‌లలో స్కానర్ గాజుకు ఆనుకున్నదే స్పష్టంగా తీస్తుంది, ఒక మిల్లీమీటరు ఎత్తు లేచినా మసకే. నునుపు షాబాదు బండ ముక్కయితే సరే, ఎగుడుదిగుడు రాయికి ఫోనే మంచిది. ఎండ నెత్తిన ఉన్నప్పుడు కాకుండా మబ్బు పట్టిన రోజు, గోడకు ఎదురుగా నిలబడి తీయండి. నీడలు ఫొటోలోనే పడి ఉంటే మోడల్ మీద లైటు ఎటు పెట్టినా అబద్ధంలా ఉంటుంది.

కొన్నాక ప్రింటర్‌ను కాపాడుకోవడం. మన ఎండాకాలంలో వాడకుండా నెల రోజులు వదిలేస్తే నాజిళ్లలో ఇంకు ఎండిపోతుంది. వారానికోసారి నాలుగు రంగులూ ఉన్న చిన్న బొమ్మ తీయండి, పిల్లల చేత తీయించండి. గీతలు పడ్డాయని పదే పదే హెడ్ క్లీనింగ్ నొక్కొద్దు. ప్రతిసారీ ఇంకు అడుగున ఉన్న స్పాంజీలోకి పోతుంది, అది నిండితే ప్రింటర్ మొరాయించి సర్వీసుకు వెళ్లాల్సి వస్తుంది. ఒకసారి క్లీన్ చేసి, కొన్ని గంటలు ఆగి, మళ్లీ చూడండి. అన్నిటికంటే ముఖ్యం, ప్రింటర్‌ను దాని బటన్‌తోనే ఆపాలి. గోడ స్విచ్ టప్పున తీసేస్తే హెడ్డు తన గూట్లోకి వెళ్లకుండా దారిలోనే ఆగిపోతుంది, మూత పడదు, ఎండుతుంది. కరెంటు పోయినా ఇదే జరుగుతుంది. కాబట్టి కరెంటు వచ్చాక ఒకసారి ఆన్ చేసి, బటన్‌తో సరిగ్గా ఆపండి.

పెద్ద షీటు, లేదా మందపాటి కార్డే కావాలన్న రోజు కింద చెప్తానన్నాను కదా. అప్పుడు షాపుకు వెళ్లండి. పెళ్లి కార్డులు, విజిటింగ్ కార్డులు చేసే డిజిటల్ ప్రింటింగ్ వాళ్ల దగ్గర పెద్ద లేజర్ మిషన్లు ఉంటాయి, 12 అంగుళాలు బై 18 అంగుళాల షీటు, 300 జీఎస్‌ఎం దాకా అవలీలగా మింగుతాయి. ప్లాట్‌ఫామ్ బండలు, రేకుల కప్పులు, వెనక కనిపించే ఆకాశం, చెట్ల షీటు, ఇలా మడత లేనివన్నీ అక్కడే తీయించండి. మడత లేనిచోట లేజర్ పగలదు, ఎండకు త్వరగా వెలవదు. ఇంట్లో ఇంక్‌జెట్, బయట లేజర్, ఇదే నా పద్ధతి. షాపుకు ఇచ్చేటప్పుడు మూడు జాగ్రత్తలు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. తెలుగు అక్షరాలను పాత్‌లుగా, అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా, మార్చి పీడీఎఫ్ చేయండి. షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తున్నాయి, మీ యూనికోడ్ అక్షరాలు వాళ్ల దగ్గర తెరిస్తే గజిబిజి అవుతాయి. మూడోది, మిషన్ దగ్గరున్న పిల్లాడికి 'సైజు మార్చొద్దు' అని నోటితో చెప్పి, ఆ పది సెంటీమీటర్ల గీతను అక్కడే కొలవండి. పిల్లాడు నవ్వుతాడు, నవ్వనివ్వండి. మా షాపులో కుర్రాళ్లు నన్ను చూసి నవ్వినట్టే.

మీ పదిహేను వేలకు సూటిగా చెప్పమంటే: వెనక ఫీడు ఉన్న, నల్ల ఇంకు పిగ్మెంట్ అయిన నాలుగు రంగుల ట్యాంక్ ప్రింటర్. స్కానర్ ఉన్నది తీసుకోండి, పిల్లల ఆధార్ కాపీలకు పనికొస్తుంది. ఏ3 వద్దు, డ్యూప్లెక్స్ (రెండు వైపులా దానంతటదే తీసేది) వద్దు. వైఫై ఉంటే సంతోషం, లేకపోతే వైరు చాలు. కొనే ముందు మీ గోడ ఫైలు ఒక పేజీ పెన్ డ్రైవ్‌లో వేసుకుని వెళ్లి డెమో మిషన్ మీద తీయించండి. ఎర్ర ఇటుక ఒక చదరం, బూడిద బండ ఒక చదరం, తెలుగు బోర్డు ఒకటి, పది సెంటీమీటర్ల గీత ఒకటి, ఇవన్నీ ఆ పేజీలో పట్టేస్తాయి. ఆ పేజీ ఇంటికి తెచ్చి, మర్నాడు బూడిదను పగటి వెలుతురులో చూడండి, ఒక మూల తడివేలితో రుద్దండి.

ఒకటి మర్చిపోయాను. మీటర్ గేజ్ పట్టాల మధ్య వెడల్పు 1:87లో 11.5 మిల్లీమీటర్లు. టీటీ అనే చిన్న మోడల్ రైళ్ల కొలత వాళ్ల 12 మిల్లీమీటర్ల ట్రాక్ వాడితే కంటికి తేడా తెలియదు. కానీ ప్లాట్‌ఫామ్ అంచు ట్రాక్ నుంచి ఎంత దూరంలో ఉండాలో ప్రింటు తీసేముందే పాత ఫొటోల్లో చూసి లెక్కేసుకోండి. నాన్నగారిని అడిగితే ఇంకా మంచిది. పాయింట్స్‌మన్ కాబట్టి ఆయనకు కాళ్లతోనే తెలిసి ఉంటుంది.